ఎనభై నాలుగో పేజీ

ఎవరైనా "మీరేం చేస్తుంటారండీ" అని అడిగితే అతను "రచయితనండీ" అనేవాడు. "ఎన్ని పుస్తకాలు రాశారు" అంటే "ముప్పై ఏడు" అనేవాడు. అవతలివాళ్ళు కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చుని "నవలలా, కవిత్వమా" అని అడిగే సరికి నిజం ఒప్పుకోక తప్పేది కాదు. అతను రాసేవి కారు కొన్నవాళ్ళకు తాళంచెవితో పాటు చేతిలో పెట్టే పుస్తకాలు. ప్లాస్టిక్ సంచీలోంచి ఒక్కసారైనా బయటికి రాకుండా, డాష్‌బోర్డు అరలో పాత రసీదుల కింద పడి, కారుతో పాటే ముసలివైపోయే పుస్తకాలు.

కార్ల కంపెనీ ఆఫీసులో మూడో అంతస్తులో అతనిదొక గది. అక్కడ కూర్చుని పంతొమ్మిదేళ్ళుగా జనానికి బుద్ధులు చెబుతున్నాడు. పది వేల కిలోమీటర్లకోసారి ఆయిలు మార్చండి. టైర్లలో గాలి నెలకోసారి చూసుకోండి. దూర ప్రయాణానికి ముందు బ్రేకులు, బెల్టులు, గొట్టాలు పరీక్ష చేయించండి. ఇన్ని చెప్పిన మనిషి సొంత కారు పద్నాలుగేళ్ళది, రెండు లక్షల ముప్పై ఒక్క వేల కిలోమీటర్లు తిరిగింది. డాష్‌బోర్డు మీద ఎర్ర గుర్తు వెలిగితే ఎక్కడో ఒక చోట చూపించేవాడు, వెలగకపోతే దేవుడి మీద భారం వేసేవాడు. ఆ మోడల్ కారుకు పుస్తకం రాసింది కూడా తనే అని వేరే చెప్పక్కర్లేదు. దీపం కింద చీకటి అంటే నలుగురూ అతని కారు కిందికే వంగి చూడొచ్చు.

ఒక ఆదివారం పొద్దున ఉతికిన బట్టలు మడతపెడుతూ అతని భార్య అంది, "వచ్చే శనివారం బయల్దేరుతున్నాం. నాన్నకి మాటిచ్చేశాను."

ఆమె ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. రోజంతా పరాయివాళ్ళ మోకాళ్ళూ భుజాలూ వంచి దారికి తెచ్చే మనిషి. ఇంట్లో కూడా ఆమె ఒకసారి అన్నాక వంగనిది ఉండదు. వాళ్ళ నాన్న రైలు డ్రైవరుగా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాడు, ఆరేళ్ళుగా వాళ్ళతోనే ఉంటున్నాడు. తన దగ్గర అసిస్టెంటుగా చేసిన స్నేహితుడొకడు తొమ్మిది వందల కిలోమీటర్ల అవతల ఉన్నాడు, వెళ్ళి చూసి రావాలని ఆయన కోరిక. రైల్లో వెళ్ళొచ్చు కదా అంటే ఒప్పుకోడు.

"ఆ దారినే ముప్పై నాలుగేళ్ళు తిరిగాను అల్లుడూ," అన్నాడు మామగారు. "అన్ని ఊళ్ళూ కిటికీలోంచి చూడ్డమే గానీ ఒక్క చోట దిగింది లేదు. సిగ్నలివ్వగానే పోవడమే. ఈసారి నాకు ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ బండాపాలి. దిగాలి. మళ్ళీ ఎక్కాలి."

"ఆపడం పెద్ద పని కాదు నాన్నా, మళ్ళీ కదలాలిగా," అంది భార్య. "ఏవండీ, రేపే గ్యారేజీకి ఇచ్చెయ్యండి."

"గ్యారేజీ ఎందుకు? నేను చూసుకుంటాలే."

"మీరా?"

ఆ ఒక్క మాటే కొంప ముంచింది. ఆమె వెక్కిరించి ఉంటే అతను నవ్వి ఊరుకునేవాడు. నిజంగా ఆశ్చర్యపోయింది. ముప్పై ఏడు పుస్తకాల రచయితకు అది మింగుడుపడలేదు. అరగంటలో నలభై రెండు అంశాల పట్టిక రాసుకుని, పాత లాగూ వేసుకుని, వాకిట్లోకి దిగాడు. మామగారు కుర్చీ తెచ్చుకుని గుమ్మం పక్కన వేసుకున్నాడు. ఆయన ఊరికే చూస్తూ కూర్చుంటేనే పరీక్ష హాల్లో ఉన్నట్టుంటుంది.

ముందు బానెట్ తెరవాలి. "స్టీరింగు కింద ఎడమ పక్కనున్న మీటను లాగండి" అని లక్షల మందికి చెప్పిన మనిషి అతను. వంగి మీట లాగాడు. వెనకెక్కడో టక్కుమంది.

"పెట్రోలు మూత తెరుచుకుంది," అన్నాడు మామగారు.

"దాన్ని కూడా చూడాలి కదండీ," అన్నాడు అతను, పట్టికలో లేని అంశాన్ని అప్పటికప్పుడు చేరుస్తూ.

రెండోసారికి బానెట్ లేచింది. లోపల ఉన్నవన్నీ అతనికి బొమ్మల్లో తెలిసినవే. అయితే బొమ్మల్లో వాటికి నంబర్లుంటాయి, బాణం గుర్తులుంటాయి. ఇక్కడ మాత్రం అన్నీ ఒకే మట్టి రంగులో, పెళ్ళివారింటి చుట్టాల్లా ఒకరి మీద ఒకరు ఒరిగి ఉన్నాయి. ఆయిలు కొలిచే డిప్‌స్టిక్ దొరకడానికి పది నిమిషాలు పట్టింది. ఆ సన్నటి ఇనప పుల్లను లాగి, తుడిచి, దూర్చి, మళ్ళీ లాగి చూస్తే ఆయిలు కింది గీతకు కూడా అందలేదు.

అతని గుండె గుభేలుమంది, ఆ వెంటనే ఉప్పొంగింది కూడా. తను చూడకపోయి ఉంటే ఏమయ్యేది? దుకాణానికి పరుగెత్తి ఆయిలు డబ్బా తెచ్చి అర లీటరు పోశాడు. పుల్ల చూశాడు, చాల్లేదు. ఇంకో అర లీటరు పోశాడు. అప్పటికీ గీత అందలేదు. మూడో అర లీటరుతో గానీ పైగీతకు రాలేదు. చేతులు తుడుచుకుంటూ భార్యను పిలిచి, "చూశావా, గ్యారేజీ వాడైతే ఇది పట్టుకునేవాడా?" అన్నాడు.

మర్నాడు ఆఫీసుకు బయల్దేరి సందు చివరికి వెళ్ళేసరికి కారు వెనక నీలంగా పొగ లేచింది. ముందు వేరే ఎవరిదో అనుకుని విసుక్కున్నాడు. పక్క స్కూటరతను అద్దం తట్టి "మీదే సార్" అని చెప్పి దగ్గుతూ వెళ్ళిపోయాడు. మెల్లగా వెనక్కి తెచ్చి వాకిట్లో పెడితే మామగారు ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని బయటికొచ్చాడు.

"బొగ్గింజను నడిపిన రోజుల్లో కూడా ఇంత పొగ చూళ్ళేదు అల్లుడూ," అన్నాడు. మెచ్చుకున్నాడో లేదో తెలియలేదు.

భార్య తిట్టలేదు, అది ఇంకా అన్యాయం. "మా ఆస్పత్రి వెనక సందులో గ్యారేజీ అక్క అని ఒకావిడ ఉంది. ఆవిడ మోకాలు నా చేతుల మీదే బాగుపడింది. నేను పంపానని చెప్పండి," అంది.

గ్యారేజీ అక్కకు యాభై దాటి ఉంటాయి. రేకుల షెడ్డు, గోడకు వరసగా వేలాడే స్పానర్లు, ప్రతి స్పానరు వెనకా గోడ మీద దాని ఆకారంలోనే గీసిన గీత. ఏది లేకపోయినా ఖాళీ వెంటనే కనిపిస్తుంది. ఆమె పొగ చూడకముందే వాసన పట్టింది. డిప్‌స్టిక్ లాగి చూసి, అతని మొహంలోకి చూసింది.

"ఎంత పోశారు సార్?"

"లీటరున్నర."

"కారు ఎక్కడ పెట్టి చూశారు?"

"మా వాకిట్లో."

"వాకిలి ఏటవాలుగా ఉంటుందా?"

వాళ్ళ వాకిలి ఏటవాలుగానే ఉంటుంది. వాననీళ్ళు ఇంట్లోకి రాకుండా అతనే దగ్గరుండి అలా కట్టించుకున్నాడు. కారు ముక్కు పైకి లేచి ఉంటే ఆయిలంతా వెనక్కి పోతుందనీ, ముందున్న పుల్లకు అందదనీ అతనికి అప్పుడు అర్థమైంది.

"మీ తప్పు కాదులెండి," అంది అక్క. "ఏడాదికి నలుగురైదుగురు ఇలాగే వస్తారు. ఆ పుస్తకం చేసే పని. రాసినాయన ఎవరోగానీ జన్మలో బానెట్ ఎత్తిన మొహం కాదు."

ఆమె బీరువాలోంచి ఒక పుస్తకం తీసుకొచ్చింది. అట్ట ఊడిపోయింది, అంచులు నల్లగా మెరుస్తున్నాయి, సగం పేజీల్లో పెన్నుతో ఏవేవో రాతలున్నాయి. తన పుస్తకం అంతగా నలిగిపోయి ఉండగా అతను ఎప్పుడూ చూడలేదు. అంతలోనే గుండె ఉబ్బింది, ఆమె అన్న మాట గుర్తొచ్చి మళ్ళీ దిగింది.

"ఎనభై నాలుగో పేజీ. కళ్ళజోడు లోపలుంది, మీరే చదవండి సార్," అంటూ తెరిచి చేతిలో పెట్టింది.

అతను సిగ్గుతో పుస్తకం వంక చూడలేక, గోడ మీది స్పానర్ల వైపు చూస్తూ చదివాడు. "ఇంజన్ ఆపిన తర్వాత ఐదు నిమిషాలు వేచి, డిప్‌స్టిక్‌ను బయటికి తీసి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, తిరిగి పూర్తిగా లోపలికి..."

"సార్," అంది అక్క.

"ఆఁ?"

"పేజీ నెంబరు చూసుకోండి. చూపు ఆనక తొంభై ఆరు తీసినట్టున్నాను. అక్కడ పెద్దగా టైరు బొమ్మ ఉంది."

అతను గబగబా పేజీలు వెనక్కి తిప్పాడు.

"రాసినాయన మీకు చుట్టమా?"

"నేనే," అన్నాడు అతను.

అక్క నాలుక కరుచుకుంటుందనుకున్నాడు. కరుచుకోలేదు. క్షమించమని కూడా అనలేదు. ఒక స్టూలు లాగి, గుడ్డతో తుడిచి, "కూర్చోండి. పదేళ్ళుగా మీ కోసం చూస్తున్నాను," అంది.

అతనికి ఆ పేజీ కథంతా గుర్తుంది. మొదట్లో ఆ వాక్యం "సమంగా ఉన్న నేల మీద కారును నిలిపి" అని మొదలయ్యేది. పేజీలు అమర్చే ఆయన వచ్చి, ఒక లైను కింది పేజీలోకి జారిపోతోంది, ఎక్కడైనా ఒక ముక్క తీసెయ్యండి అన్నాడు. ఈ మాత్రం ఎవరికి తెలియదులే అని అతనే ఆ ముక్క కొట్టేశాడు. ఆ తర్వాత రాసిన ప్రతి పుస్తకంలోకీ ఆ పేజీ అలాగే ఎక్కుతూ వచ్చింది. ఎవరికి తెలియదులే అనుకున్నాడు గానీ, తెలియనివాడు తన ఇంట్లోనే, తన చెప్పుల్లోనే ఉన్నాడు.

అక్క మొత్తం పద్నాలుగు తప్పులు చూపించింది. అతను జేబులోని పట్టిక వెనక రాసుకున్నాడు. అన్నీ అయ్యాక ఆమెకే జాలేసినట్టుంది, "అరవై ఒకటో పేజీలో ఫ్యూజుల బొమ్మ మాత్రం చాలా బాగుంది సార్. అది చూసే నేను పని నేర్చుకున్నాను," అంది.

"అది గీసింది వేరే ఆయన," అన్నాడు అతను.

ఆ తర్వాత కారును చూడటం మొదలుపెట్టింది. ముందు అదనంగా పోసిన ఆయిలు దింపేసింది. రేడియేటరు మూత విప్పితే లోపలి నీళ్ళు తుప్పు రంగులో ఉన్నాయి. గొట్టం నొక్కి అతన్ని కూడా నొక్కమంది. నానిన అట్టలా మెత్తగా ఉంది. బ్యాటరీ కొనల మీద తెల్లగా పొడి కట్టింది. బ్రేకు ప్యాడ్లు గోరు మందాన మిగిలాయి. టైర్లను అతను కాస్త ధీమాగానే చూపించాడు, గాడులు బాగానే ఉన్నాయి కనక. ఆమె టైరు పక్కనున్న నాలుగు అంకెలు చదివించింది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం.

"తొమ్మిదేళ్ళవి సార్. పైకి బాగానే ఉంటాయి, పక్కన చూడండి ఎలా పగిలాయో. ఎండలో రోజంతా పరుగెత్తితే పేలిపోతాయి. ఇది కూడా మీరే రాశారు. అది మాత్రం కరెక్టుగానే రాశారు."

స్టెపినీలో గాలి లేదు. జాకీ ఉంది, తిప్పే కడ్డీ లేదు.

"టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు?"

అతను ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు.

"ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్చలేదనే లెక్క," అంది అక్క. మూత విప్పి చూపించింది. బెల్టు వెనకంతా ఎండిన చెరువు మట్టిలా బీటలు. "ఇది దారిలో తెగితే ఇంజను లోపలంతా పొడిపొడి. మీ అదృష్టం, ఎక్కువ ఆయిలు పోసి పొగ తెప్పించారు. లేకపోతే ఇలాగే బయల్దేరిపోయేవారు."

తన మూర్ఖత్వం వల్ల ఒక మేలు జరిగిందని వినడం అతనికి ఆ వారంలో దొరికిన ఒకే ఒక్క మెచ్చుకోలు. ఇంటికెళ్ళి భార్యకు చెప్పేటప్పుడు దాన్నే ముందు చెప్పాడు.

పని నాలుగు రోజులు పట్టింది. ఈలోగా అతను ఆఫీసులో పేజీలు అమర్చే ఆయన దగ్గరికెళ్ళి, అచ్చుకు వెళ్ళబోతున్న కొత్త పుస్తకంలో ఎనభై నాలుగో పేజీకి ఒక లైను కలపాలన్నాడు.

"కలిపితే కింది పేజీ అంతా కదులుతుంది. వంద పేజీలు మళ్ళీ సర్దాలి," అన్నాడు ఆయన, వెనకటి మాటే. "అదే పేజీలో ఒక లైను తీసెయ్యండి, కలుపుతాను."

ఆ పేజీ నెత్తిన అతను ప్రతి పుస్తకంలోనూ ఒక వాక్యం పెట్టుకునేవాడు. "ఆయిలు ఇంజనుకు నెత్తురు వంటిది, దానిని ప్రేమతో పరిశీలించండి." కంపెనీలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు గానీ, తన సాహిత్యమంతా అందులోనే ఉందని అతని నమ్మకం. దాన్ని చివరిసారి చదువుకుని ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. మిగిలిన పదమూడు తప్పులూ దిద్దడం ఇంకా తేలికైంది. చోటు కోసం తీసేయాల్సినవన్నీ ఇలాంటి వాక్యాలే.

శుక్రవారం కారు తీసుకోవడానికి వెళితే అక్క కొత్త వైపర్ల జత చేతిలో పెట్టింది. "ఇదొక్కటి మీరు బిగించండి సార్. ఇన్నేళ్ళు రాశారు, ఒక్కటైనా చేత్తో చెయ్యాలి. క్లిక్కనే దాకా నొక్కండి, అంతే."

అతను ఎడమది నొక్కాడు. క్లిక్కుమంది. కుడిది నొక్కాడు, అదీ క్లిక్కుమంది. ఆ రెండో క్లిక్కు వైపరుది కాదనీ, తన బొటనవేలి కణుపుదనీ అప్పుడు తెలియలేదు.

శనివారం పొద్దున్నే బయల్దేరారు. దగ్గు తగ్గిన ముసలాయన మాట్లాడినట్టు కారు మెత్తగా నడిచింది. అయినా అతనికి నమ్మకం లేదు. బెల్టు బీటలు చూసినప్పటి నుంచీ ప్రతి చప్పుడూ అనుమానమే. మొదటి వంద కిలోమీటర్లలో మూడుసార్లు ఆపి బానెట్ ఎత్తాడు. నాలుగోసారి "ఏదో గలగలమంటోంది" అని ఆపబోతుంటే మామగారు వెనక సీట్లోంచి మాత్రల డబ్బా పైకెత్తి ఊపి చూపించాడు. అక్కడితో భార్య స్టీరింగు తీసుకుంది. "మీరు పక్కన కూర్చుని వినండి, చాలు," అంది.

మధ్యాహ్నం మబ్బు కమ్మి ఒక్కసారిగా వాన దిగింది. ఆమె వైపర్లు వేసింది. రెండు ఊపులు ఊపాక కుడిది గాలిలోకి లేచి, అద్దం దాటి, ఎవరో పిలిచినట్టు పక్క చేలోకి వెళ్ళిపోయింది. డ్రైవరు వైపుది అదే. ఆమె వేగం తగ్గించి, లైట్లు వేసి, మూసేసిన ఒక దుకాణం రేకుల కిందికి కారు తెచ్చి ఆపింది. ఒట్టి కడ్డీ అద్దాన్ని గీరకముందే దిగి, ఎడమ వైపరు మీట నొక్కి ఊడదీసి, కుడి వైపు పెట్టి నొక్కింది. ఈసారి క్లిక్కు ముగ్గురికీ వినిపించింది. మిగిలిన ఒట్టి కడ్డీకి తువ్వాలు చుట్టింది.

"నీకెలా తెలుసు?" అన్నాడు అతను.

"నూట రెండో పేజీ. నిన్న రాత్రి మీ పుస్తకం మొత్తం చదివాను. తొమ్మిది వందల కిలోమీటర్లు మిమ్మల్ని నమ్ముకుని రావాలిగా," అంది ఆమె చేతులు తుడుచుకుంటూ. "అర్థమయ్యేట్టే రాశారు. అక్కడక్కడ కవిత్వం దాటేశాను."

పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఆమె తన పుస్తకం చదవడం అదే మొదలు. అతను కడ్డీకి చుట్టిన తువ్వాలును ఇంకోసారి బిగించి, వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు.

మామగారు మాత్రం చెప్పినట్టే ఆపించాడు. ఒక వంతెన దగ్గర, ఒక మిల్లు గోడ దగ్గర, పేరు చదవడానికి తప్ప ఎందుకూ పనికిరాని ఒక చిన్న స్టేషను దగ్గర. దిగి, చుట్టూ చూసి, "ఇంతేనా" అని మళ్ళీ ఎక్కేవాడు. ఆ "ఇంతేనా"లో నిరాశ లేదు, ఒక లెక్క తేలిన తృప్తి ఉంది. రెండో రోజు పొద్దున ఒక లెవెల్ క్రాసింగు దగ్గర గేటు వేసి ఉంటే, ఆయన ఆపమనకుండానే ఆగాల్సి వచ్చింది.

"ఇక్కడే," అన్నాడు మామగారు తలుపు తీస్తూ. "ఈ గేటు పక్కన పూలతోట ఉంటుంది. ఇంజన్లోంచి నాలుగు సెకన్లు కనిపించేది. ఎవరు పెంచుతారో చూడాలనుండేది."

అల్లుడు ఆయన వెంట దిగాడు. గేటు గది పక్కన తోట లేదు. గోడ పొడుగునా పదో పన్నెండో రంగు వేసిన పాత ఆయిలు డబ్బాలు, వాటిలో పూల మొక్కలు ఉన్నాయి. గేటు చూసుకునే ఆవిడ జెండా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "మాకు ముందున్నాయన పెట్టారండీ. నేను నీళ్ళు పోస్తున్నాను," అంది.

"డబ్బాలా!" అన్నాడు మామగారు. వంగి ఒక డబ్బా అంచు వేలితో తడిమాడు.

అంతలో రైలొచ్చింది. ఆయన నిటారుగా నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ పైనుంచి చూసినదాన్ని మొదటిసారి కింది నుంచి చూస్తున్నాడని అల్లుడికి తోచి, మొహంలోకి చూశాడు. పెద్దాయన కళ్ళు చెమర్చలేదు. తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. పెట్టెలన్నీ దాటిపోయాక గేటావిడ వైపు గబగబా నడిచాడు.

"అమ్మాయ్, ఫోను తియ్యి. స్టేషనుకి చెప్పు. మూడో పెట్టె చక్రం అరిగి ఒక పక్క బల్లపరుపైంది. తిరిగినప్పుడల్లా పట్టాని కొడుతోంది. వినలేదా?"

"విన్నానండీ, ఏదో టకటకమంది. ఏ చక్రమో తెలియలేదు," అంటూ ఆమె అప్పటికే ఫోను తీసింది. స్టేషను వాళ్ళకు చెబుతూనే ఒక చేత్తో రిజిస్టరు ముందుకు తోసింది. "ఇందులో కూడా రాయాలండీ."

"మా అల్లుడు రాస్తాడు. రచయిత," అన్నాడు మామగారు.

అతను పెన్ను తీసుకుని మొదలుపెట్టాడు. "పైన తెలిపిన తేదీన, ఉదయం సుమారు తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు, గేటును దాటుచున్న రైలు యొక్క..."

మామగారు భుజం మీంచి తొంగి చూశాడు. "అదంతా ఎవడు చదువుతాడు అల్లుడూ? మూడో పెట్టె. వెనక చక్రం. కుడి పక్క. పట్టాని కొడుతోంది. అంతే రాయి."

అతను రాసినదాన్ని కొట్టేసి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాడు. మామగారు కింద సంతకం పెట్టి, అలవాటు కొద్దీ పక్కన రిటైరైన నాటి తన ఉద్యోగం నంబరు కూడా వేశాడు. గేటావిడ ఫోను పెట్టేసి, వచ్చే స్టేషన్లో రైలు ఆపి చూస్తారట అని చెప్పింది. గేటు లేచింది. వెనక ఒక లారీ హారన్ కొట్టింది. కార్లోంచి భార్య చెయ్యి ఊపి, ఇద్దరూ రమ్మని పిలిచింది.